తూర్పు పడమర సందుకి నీడ: కలంకారీ, కొలతలు, కుండలు, డప్పు. ఏది ముందు, ఏది వెనక?

సందుచివర:

అందరికీ నమస్కారం. తిరుపతి కొర్లగుంట వైపు ఒక సందు. తూర్పు పడమరలుగా 140 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. రెండు వరసలా ఒకంతస్తు మేడలు, సుమారు 7 మీటర్ల ఎత్తు. పడమటి చివర 9 రేకుల ఇళ్ళు. నేలమీద పూలు, కూరగాయలు పెట్టుకుని అమ్మేవాళ్ళు 11 మంది. పొద్దున 6 నుంచి రాత్రి 8 దాకా అక్కడే కూర్చుంటారు.

ఈ ఎండాకాలానికి ఆ సందులో ఏదైనా చేద్దామని కొందరు కలిశారు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు ఇద్దరు, ఆర్కిటెక్చర్ విద్యార్థులు నలుగురు, ఎలక్ట్రానిక్స్ చదివే ఇద్దరు, ఒక స్టాఫ్ నర్సు, ఒక డప్పు బృందం. చేతిలో ఉన్నది 85 వేలు. మార్చి నుంచి మే చివరి దాకా సమయం.

ఇప్పటికి అనుకున్నవి: సందు మొత్తానికి పైన కలంకారీ గుడ్డల పందిరి, గోడల మీద ఎండ గురించి బొమ్మలు, చలివేంద్రం కుండలకి రంగులు, రేకుల ఇళ్ళకి తెల్ల సున్నం, ఉష్ణోగ్రత చూపించే బోర్డు, రెండు తుంపర ఫ్యాన్లు. ఎవరి పని వాళ్ళు చేసుకుని ఏప్రిల్ మొదటి వారంలో అన్నీ ఒకచోట కలుపుదామంటున్నారు. ఇట్లా చేస్తే ఎక్కడ తేడా కొడుతుందో, ఏది ముందు పెట్టుకోవాలో చెప్పండి.

నీడలెక్క:

"ఎవరి పని వాళ్ళు చేసుకుని చివర్న కలపడం" దగ్గరే తేడా కొడుతుందన్నా. మీరు రాసిన ఆరింటిలో కొన్ని అనుకున్న మేలునే చెడగొడతాయి. మొదట పందిరి సంగతి.

తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు. ఏప్రిల్ 26 ప్రాంతంలో నడిమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. నడిమధ్యాహ్నం అంటే మనకి 12 కాదు, సుమారు 12:10. ఆ తర్వాత మే, జూన్ నెలల్లో సూర్యుడు మనకి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. చాలామంది విద్యార్థులు పుస్తకాల్లో చూసి "దక్షిణం ఎండ, ఉత్తరం నీడ" అని గీసేస్తారు. మన మే నెలకి అది తలకిందులు.

మీ సందుకి లెక్క వేస్తే మే చివర్లో సాయంత్రం 4 గంటలకి సూర్యుడి ఎత్తు సుమారు 35 డిగ్రీలు, దిక్కు పడమర నుంచి ఉత్తరానికి 16 డిగ్రీలు. 7 మీటర్ల ఇంటి నీడ 10 మీటర్ల పొడవు పడుతుంది. అయితే అది చాలావరకు సందు వెంబడే పోతుంది. అడ్డంగా సందులోకి వచ్చేది 2.7 మీటర్లే, అదీ ఉత్తరపు వరస ఇళ్ళ నుంచి. కాబట్టి పైసా ఖర్చు లేని మొదటి పని ఇది: ఏప్రిల్ రెండో వారం దాటాక సాయంత్రం కూర్చునేవాళ్ళు ఉత్తరపు వరస గోడల కిందికి మారాలి. మార్చిలో అయితే దక్షిణపు వరస నయం. అమ్మేవాళ్ళకి ఇది తెలియదని కాదు, చోటు కోసం గొడవలు వస్తాయని కదలరు. ఆ సర్దుబాటు ముందు కుదిర్చి, దాని ప్రకారం పందిరి గీయండి.

రెండో సంగతి. పైన 5 మీటర్ల ఎత్తులో పరిచిన గుడ్డ నీడ సాయంత్రం 4కి దాని కింద పడదు. 7 మీటర్లు తూర్పుకి జరిగి పడుతుంది. ఫోటోలో పందిరి బాగానే ఉంటుంది, పూలమ్మ మాత్రం ఎండలోనే ఉంటుంది. నడినెత్తి ఎండకి పై పందిరి సరిపోతుంది, 3 నుంచి 5:30 దాకా ఉండే పడమటెండకి నిలువు దడి కావాలి. సందు మొత్తం కప్పే ఆలోచన మానేసి, ఒక్కొక్కరికి 2.4 × 1.8 మీటర్ల చిన్న కప్పు, 2.1 మీటర్ల ఎత్తులో, పడమర వైపు కొబ్బరాకు తడిక. ఇదే నా సలహా. కూర్చున్న మనిషి తల 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుందనుకుంటే, తడిక లేకపోతే కప్పు పడమరకి ఇంకో 1.8 మీటర్లు ముందుకి సాగాల్సి వస్తుంది. తడిక కింద ఒక జానెడు ఖాళీ వదలండి, గాలి ఆడుతుంది.

గాలిది మూడో సంగతి. గాలి ఒత్తిడి చదరపు మీటరుకి 0.6 × వేగం × వేగం, న్యూటన్లలో. ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వానకి ముందు వచ్చే గాలి సెకనుకి 20 మీటర్లు తాకితే చదరపు మీటరుకి 24 కిలోలు. 3 × 6 మీటర్ల గుడ్డకి 440 కిలోలు. పైగా తీగని ఎంత బిగించి కడితే గోడమీద అంత లాగుడు. 6 మీటర్ల తీగ, మీటరున్నర వెడల్పు గుడ్డ మోస్తూ, సెకనుకి 15 మీటర్ల గాలిలో 60 సెంటీమీటర్ల వేలాడుతో కడితే సుమారు 155 కిలోల లాగుడు. చూడ్డానికి చక్కగా ఉండాలని 30 సెంటీమీటర్లకి బిగిస్తే 310 కిలోలు. నాలుగున్నర అంగుళాల పిట్టగోడ అంత ఆపలేదు, ఇటుకలు కింద నిలబడ్డవాళ్ళ మీదే పడతాయి. ఎక్కడైనా తీగ కట్టక తప్పకపోతే పిల్లర్‌కి గానీ స్లాబు బీముకి గానీ యాంకర్ వేయండి. కరెంటు స్తంభానికి మాత్రం కట్టనే కట్టొద్దు.

చిన్న కప్పులకి ఈ బెడద తక్కువ. ఒకటింపావు అంగుళం జీఐ (జింకు పూత ఇనుము) పైపు కాళ్ళు నాలుగు, ఒక్కొక్కటి 20 లీటర్ల పెయింటు బకెట్లో కాంక్రీటు పోసి నిలబెడితే బకెట్టు 45 కిలోలు, నాలుగూ కలిపి 180. ఆ కప్పుని 20 మీటర్ల గాలి లేపే బలం 105 కిలోల దాకా ఉంటుంది. పక్కకి తోసే బలం తడిక మీద పడుతుంది కాబట్టి తడికని పురికొస తాడుతో కట్టండి, నైలాన్ తాడు వద్దు. పెనుగాలికి పురికొస తెగి తడిక పడిపోతుంది, కప్పు మిగులుతుంది.

కరక్కాయపాలు:

కలంకారీ గురించి చెబుతాను. గుడ్డని నేరుగా ఎండకి పెడితే రెండు నష్టాలు.

ఒకటి రంగు. శ్రీకాళహస్తి పనిలో గాడా (ముతక నూలు) గుడ్డని కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. బెల్లం, ఇనుప తుక్కు ఊరబెట్టిన కసిమితో నల్ల గీత గీస్తారు. పటిక పట్టించి ఎరుపు తేల్చుతారు. నలుపు, ఎరుపు ఎండకి కొంత ఓర్చుకుంటాయి. పసుపు, దానిమీద నీలం వేసి తెచ్చిన ఆకుపచ్చ ముందుగా పోతాయి. రెండు నెలలు బయట ఉండే గుడ్డకి నలుపు గీత, ఎరుపు, తెల్లగా వదిలిన ఖాళీ చాలు. ఎలాగూ ఖాళీ ఎక్కువుంటే వెలుతురు బాగా దిగుతుంది. కసిమి దట్టంగా నింపిన చోట ఇనుము వల్ల నూలు పెళుసెక్కి మొదట చిరిగేది అక్కడే, కాబట్టి పెద్ద నల్ల మచ్చలు వద్దు, గీతలే ఉండనివ్వండి.

రెండోది, ఒంటి పొర గుడ్డ తానే వేడెక్కి కిందికి వేడి విసురుతుంది. నెత్తిన పెనం పెట్టుకున్నట్టు. అందుకే రెండు పొరలు వేయండి. పైన తెల్ల షేడ్ నెట్, 75 శాతం ఎండని ఆపేది, దాని కింద 15 నుంచి 20 సెంటీమీటర్ల ఖాళీ, ఆ కింద కలంకారీ. ఎండ నెట్ మీద ఆగుతుంది, మధ్యలో గాలి వేడిని పట్టుకుపోతుంది, గుడ్డ చల్లగా ఉంటుంది. బొమ్మ కిందినుంచి చూసేవాళ్ళకే కదా, కూర్చున్నవాళ్ళు తలెత్తితే కనిపిస్తుంది. నర్సరీల్లో దొరికే ఆకుపచ్చ నెట్ వద్దు. అది ఎండని మింగి కాగుతుంది, పైగా కింద పూల రంగు పచ్చగా కొట్టి బేరం దెబ్బతింటుంది. అమ్మేవాళ్ళు వారంలో పీకేస్తారు, వాళ్ళని తప్పుపట్టలేం.

తడిస్తే గాడా గుడ్డ బరువు రెండింతలు దాటుతుంది, కడిగి తీరని రంగు పూలమీద కారుతుంది. ప్రతి రంగు తర్వాతా పారే నీళ్ళలో కడిగే పని తొందరపడి తగ్గించకండి. 11 కప్పులకి గుడ్డలు కావాలంటే ఇద్దరు కళాకారులకి కనీసం నాలుగు వారాలు. కాబట్టి ఆర్డరు మార్చి మొదటి రోజే ఇవ్వాలి, కొలత దానికన్నా ముందు తేలాలి. గుడ్డ అంచున 30 సెంటీమీటర్లకొక రింగు కుట్టించి తీగమీద కర్టెన్లా జరిగేట్టు పెట్టండి. రాత్రి జరిపేయొచ్చు, మబ్బు పడితే నిమిషంలో తీసేయొచ్చు.

ఒక్కమాట. దేవుళ్ళ బొమ్మలు వేయించకండి. వీధి దుమ్ము పడే గుడ్డ, జూన్‌లో పాతదైపోయే గుడ్డ. దాన్ని తుడవడానికీ పారేయడానికీ ఎవరికీ చేతులు రావు. తీగలు, చేపలు, చిలకలు చాలు.

సున్నంబొచ్చె:

గోడ బొమ్మల గురించి అడగకపోయినా చెబుతా. పడమర ముఖం గోడ మీద ముదురు రంగులతో "ఎండలో తిరగకండి" అని బొమ్మ వేస్తే, ఆ గోడ సాయంత్రం దాకా వేడి తాగి రాత్రంతా లోపల పడుకున్నవాళ్ళ మీదికి వదుల్తాది. ఎండ గురించి బొమ్మ వేసి ఎండని ఇంట్లోకి తోలినట్టు! పడమటి గోడకి తెలుపే వేయండి, గీతలతో బొమ్మ తీయండి, రంగు నింపింది మూడో వంతు దాటకుండా చూసుకోండి.

ఇంక ఇళ్ళ కప్పులు. 9 ఇళ్ళూ ఒకటే రకం రేకులా? అడిగింది ఎందుకంటే సున్నం అన్నిటికీ అంటుకోదు.

సిమెంటు రేకు, స్లాబు: సున్నం పట్టుకుంటాది. రాతిసున్నం కిలోకి 5 లీటర్ల నీళ్ళు. నీళ్ళలోకి సున్నం వేయాల, సున్నం మీద నీళ్ళు పోయకూడదు. తెర్లతాది, చిట్లతాది, కంట్లో పడితే చూపు పోయేంత పని. కళ్ళద్దాలు, రబ్బరు గ్లవ్సు లేకుండా పిల్లోళ్ళని దగ్గరికి రానీయొద్దు. 24 గంటలు ఊరనిచ్చి, పలచటి గుడ్డలో వడగట్టి, వేడినీళ్ళలో కరిగించిన బంక కలపండి. మూడు కోట్లు. తెల్లగా మెరుస్తాదని నీలిమందు కలుపుతారు, అది వద్దు, ఉన్న తెలుపుని తగ్గిస్తాది. ఎండలో కొట్టొద్దు. సాయంత్రం 5 తర్వాత కప్పు తడిపి కొట్టాల. కాలిన స్లాబు మీద కొడితే నీళ్ళు టక్కున ఆవిరై సున్నం గట్టిపడదు, పొడిగా రాలతాది, చేత్తో తుడిస్తే వచ్చేస్తాది.

జీఐ రేకు: సున్నం మొదటి జల్లుకే పొరలు పొరలుగా ఊడిపోతాది. రేకు గీకి, కడిగి, ఆ లోహానికి పనికొచ్చే ప్రైమర్ వేసి, తెల్ల కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు. డబ్బా మీద ఎస్ఆర్ఐ అంకె (ఎండని తిప్పికొట్టి వేడిని వదిలే గుణం ఎంతో చెప్పేది) చూసి కొనండి, 100 దాటాల. మెరిసే జీఐ రేకు ఎండని తిప్పికొడతాది కదా, పెయింటు దేనికని అడుగుతారు. తిప్పికొట్టేది నిజమే. అయితే తాగిన కాస్త వేడిని బయటికి వదిలే గుణం దానికి తక్కువ, అందుకే కాల్తాది. తెల్ల పూత ఆ వేడిని వదిలిస్తాది.

సిమెంటు రేకుల్లో చాలావాటికి ఆస్బెస్టాస్ ఉంటాది, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు. పొడిగా గీకొద్దు, చీపురుతో రుద్దొద్దు, తడిపి మెత్తగా కడగండి. రేకు మీద కాలు పెట్టొద్దు, విరిగి కింద పడతారు. దూలాల మీద ఆనేట్టు రెండు పలకలు వేసుకుని వాటి మీదే నడవండి. విద్యార్థులకి ఈ పని ఇవ్వకండి, మేస్త్రీకి కూలి ఇవ్వండి.

పూత బాగా కుదిరితే కప్పు పైభాగం నడి ఎండలో 15 డిగ్రీలకి పైగా తగ్గుతాది, గదిలో 2 నుంచి 4 దాకా. దుమ్ము పడితే ఆ లాభం కరిగిపోతాది, నెలకొకసారి ఊడ్చాల. సున్నం ఏటా ఫిబ్రవరిలో మళ్ళా కొట్టాల్సిందే. తొలివాన నీళ్ళు తొట్టిలోకి పట్టొద్దని ఇంటోళ్ళకి చెప్పండి.

సందుచివర:

అందరికీ ధన్యవాదాలు. చిన్న కప్పుల మాట ఖాయం చేస్తున్నాం. 9 ఇళ్ళలో 6 సిమెంటు రేకులు, 3 జీఐ. ఇంకో రెండు ప్రశ్నలు. బోర్డు మీద ఏం చూపించాలి? 40 అని చూపిస్తే చాలా? పందిరి వల్ల నిజంగా మేలు జరిగిందని కొలిచి చూపించాలంటే ఎలా? గాలి ఉష్ణోగ్రత కొలిస్తే నీడలోనూ ఎండలోనూ అర డిగ్రీ తేడా కూడా రావడం లేదని ఎలక్ట్రానిక్స్ పిల్లలు నిరుత్సాహపడుతున్నారు.

తడిబల్బు:

వాళ్ళు సరిగ్గానే కొలిచారు, నిరుత్సాహపడనక్కర్లేదు. తెరిచిన సందులో నీడ గాలిని చల్లబరచదు, మనిషి మీద పడే వేడి కిరణాన్ని ఆపుతుంది. అది పట్టుకోవాలంటే గోళం కావాలి. టేబుల్ టెన్నిస్ బంతికి మెరుపులేని నల్ల పెయింటు రెండు కోట్లు వేసి, మధ్యలోకి డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్ దించి, రంధ్రం సీల్ చేయండి. ఎండలోకి తీసుకెళ్ళిన వెంటనే చదవొద్దు, ఐదారు నిమిషాలు ఆగాలి. రెండో సెన్సర్‌కి మెత్తటి నూలు వత్తి చుట్టి, వత్తి చివర డిస్టిల్డ్ నీళ్ళ సీసాలో ఉంచండి, ఇదే తడి బల్బు. బోరు నీళ్ళు వాడితే ఉప్పు పేరుకుని నాలుగు రోజుల్లో లెక్క పైకి పోతుంది. మూడోది మామూలు గాలి సెన్సర్, ఎస్‌హెచ్‌టీ31 లాంటిది. దానికి గొడుగు: 7 తెల్ల ప్లాస్టిక్ సాసర్లు బోర్లించి, మధ్యలో 2 సెంటీమీటర్ల ఖాళీలతో ఒక మరకడ్డీకి గుచ్చండి. గొడుగు లేకుండా ఎండలో పెట్టిన సెన్సర్ చూపేది గాలి వేడి కాదు, తన వేడి.

ఎత్తు ముఖ్యం. నిలబడ్డ మనిషికి 1.1 మీటర్లు, కూర్చున్నవాళ్ళకి 60 సెంటీమీటర్లు. మీ సందులో కొలవాల్సింది 60 దగ్గరే.

మూడు అంకెలూ వచ్చాక, వేడి, తేమ, ఎండ కలిసి ఒంటిమీద వేసే భారాన్ని చూపే డబ్ల్యూబీజీటీ అనే అంకె ఎండలో = 0.7 × తడి బల్బు + 0.2 × గోళం + 0.1 × గాలి వేడి. నీడలో 0.7 × తడి బల్బు + 0.3 × గోళం. ఊహకి ఒక ఉదాహరణ: ఎండలో 27, 52, 40 వస్తే 33.3. నీడలో తడి బల్బు 26, గోళం 42 వస్తే 30.8. గాలి వేడి దాదాపు అదే, తేడా రెండున్నర డిగ్రీలు. వృత్తి ఆరోగ్యంలో వాడే పట్టికల ప్రకారం ఎండకి అలవాటుపడిన మనిషి మధ్యస్థ శ్రమ ఆపకుండా చేయడానికి 28 హద్దు. 31.5 అయితే గంటకి పావుగంటకి మించి ఆ పని వద్దు. కూర్చుని పూలు కట్టడం తేలిక పనే, బుట్టలు మోయడం కాదు.

కాబట్టి బోర్డు మీద 40, 41 అని వేసి లాభం లేదు. 41 చూసి ఎవరు ఏం చేస్తారు? మూడు రంగులు, ఒక్కొక్క దాని కింద ఒక్క పని: పచ్చ అంటే మామూలే, పసుపు అంటే మోత పని ఆపి సాయంత్రానికి వాయిదా, ఎరుపు అంటే గంటకి పావుగంట కప్పు కిందే కూర్చోవాలి, నీళ్ళు తాగాలి. బోర్డు బొమ్మ కలంకారీవాళ్ళు గీయొచ్చు, చదువు రాకపోయినా అర్థమయ్యేట్టు.

కొలతల్లో జరిగే తప్పులు: సెన్సర్లు వేటికవే ఒక డిగ్రీ అటూ ఇటూ చూపుతాయి. పెట్టేముందు అన్నీ ఒకే చోట 24 గంటలు పక్కపక్కన ఉంచి తేడాలు రాసుకోండి. డిస్టిల్డ్ నీళ్ళలో నలిపిన ఐసు కలిపి సున్నా కూడా సరిచూడొచ్చు. చేతి ఇన్ఫ్రారెడ్ గన్ మెరిసే జీఐ రేకు మీద తప్పు చెబుతుంది, అక్కడ నల్ల ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించి టేపు మీద గురిపెట్టండి. కప్పు వేయకముందు పది రోజులు కొలవకపోతే వేసిన తర్వాత కొలిచినదానికి విలువ లేదు. ఒక అమ్మకపు చోటుని చివరిదాకా కప్పు లేకుండా పోల్చడానికి వదిలేయమని కొందరంటారు. మనిషిని అలా ఎండలో ఉంచకూడదు, ఖాళీ గోడ దగ్గర ఒక స్టాండు పెట్టుకోండి చాలు. రేడియేషన్ లెక్కల మీద ఇంకా సందేహాలుంటే విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలోనో, గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోనో అడిగే మార్గం మనకి దగ్గర్లోనే ఉంది.

తుంపర ఫ్యాన్లు వద్దు. 40 డిగ్రీలు, తేమ 30 శాతం ఉన్నప్పుడు తడి బల్బు 26, అంటే చల్లబడటానికి చోటుంది. సాయంత్రం తూర్పుగాలి తిరిగి 36 డిగ్రీలు, 60 శాతం అయితే తడి బల్బు 29 దాటుతుంది. అప్పుడు తుంపర చెమటని ఆరనివ్వదు, ఉక్కపోత పెంచుతుంది. మన బోరు నీళ్ళకి నాజిల్ పదిరోజుల్లో పూడుతుంది. నిలవ నీళ్ళ ట్యాంకుని శుభ్రం చేయకపోతే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే క్రిములు తుంపరతో పీల్చేస్తారు. ఆ డబ్బు తడికలకి పెట్టండి. పూలబుట్ట మీద తడి గోనె కప్పడం చాలు.

చలివేంద్రం_అక్క:

కుండలకి రంగులు అన్నారు, ఏ రంగులు తమ్ముడూ? ఎనామిల్ గానీ ఆయిల్ పెయింటు గానీ పూస్తే కుండ పని అయిపోయింది. కుండ చల్లబడేది గోడలోని సన్నని రంధ్రాల్లోంచి నీళ్ళు బయటికి చెమర్చి ఆరడం వల్ల. పెయింటు ఆ దారులన్నీ మూసేస్తుంది, ఇంక అది మట్టితో చేసిన ప్లాస్టిక్ బిందె. ముగ్గు వేయాలనుంటే మెడ చుట్టూ జాజు, బియ్యప్పిండితో వేయండి, పొట్ట వదిలేయండి. బోరు నీళ్ళ ఉప్పు కూడా నెమ్మదిగా రంధ్రాలు పూడుస్తుంది, అందుకే నిరుటి కుండ ఈ ఏడు చల్లబరచదు. తడి ఇసక మీద, నీడలో, గాలి తగిలే చోట పెట్టండి. గోడ మూలకి నొక్కేస్తే చల్లబడదు. ముంచే గ్లాసు వద్దు, కుళాయి బిగించిన కుండ తీసుకోండి.

నీళ్ళకన్నా ముందు మరుగుదొడ్డి. 11 మందిలో ఆడవాళ్ళు ఎందరో రాయలేదు. దగ్గర్లో దొడ్డి లేకపోతే ఆడవాళ్ళు నీళ్ళు తాగరు, పొద్దున్నుంచి గొంతు తడుపుకుని కూర్చుంటారు. మీరు ఎన్ని కుండలు పెట్టినా అంతే. సందులో రెండిళ్ళవాళ్ళని ఒప్పించి, నీళ్ళ బిల్లులో కొంత మీరు కట్టి, తలుపు తీయించండి. 85 వేలలో ఇంతకన్నా మంచి ఖర్చు నాకు కనిపించడం లేదు.

తాగడానికి మజ్జిగలో ఉప్పు, రాగి అంబలి, రెండూ మంచివే. మజ్జిగ కలిపి నాలుగు గంటలు దాటితే పారబోయండి. చెమట బాగా పట్టినవాళ్ళకి ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్ళకి ఒకటి. పొట్లం లేకపోతే లీటరుకి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. బీపీకి నీటి మాత్రలు వాడేవాళ్ళు, గుండె, కిడ్నీ జబ్బులవాళ్ళు డాక్టర్ని అడిగాకే.

వడదెబ్బ గుర్తు ఒంటి వేడి ఒక్కటే కాదు. మాట తడబడటం, పేరడిగితే పొంతన లేకుండా చెప్పడం, తూలడం, ఫిట్స్. ఇవి కనపడితే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోగా నీడకి మార్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిపి గట్టిగా విసరండి. ఐసు దొరికితే చంకల్లో, గజ్జల్లో, మెడమీద. తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. మామూలు జ్వరం లాంటిది కాదు ఇది. ఈ నాలుగు మాటలూ 11 మందికీ మార్చిలోనే రెండుసార్లు చేసి చూపించండి. కాగితం పంచితే సరిపోదు.

డప్పువాళ్ళని ప్రారంభోత్సవానికి పిలిచి వదిలేయకండి, వాళ్ళే మీ హెచ్చరిక. మండలాలవారీగా వడగాడ్పుల సమాచారం రాష్ట్ర విపత్తుల సంస్థ ముందు రోజే ఇస్తుంది. ఎరుపు రోజున పొద్దున 10:30కి ఒకసారి, 2:30కి ఒకసారి చాటింపు. 10:30 దానికి ఒక దరువు, 2:30 దానికి ఇంకొకటి. వినగానే ఏం చేయాలో తెలియాలి. రెండూ ఐదేసి నిమిషాలే, నీడలో నిలబడి. కూలి రోజుకి ఇంత అని ముందే మాట్లాడండి. నడి ఎండలో సందంతా తిరగమనకండి, వాళ్ళవీ ప్రాణాలే.

నీడలెక్క:

అక్క చెప్పినదానికి ఒక చేర్పు. మేలో గంగమ్మ జాతర వస్తుంది. చాటింపు పడ్డాక ఆ వారం వేషాలతో జనం సందుల్లోంచి కూడా పోతారు. బకెట్లు దారిలోకి రాకుండా ఉత్తరపు గోడకి ఆనించి, 6 మీటర్లలో కనీసం మూడున్నర ఖాళీగా ఉండాలి. మామూలు రోజుల్లో అగ్నిమాపక బండి, నీళ్ళ ట్యాంకరు పోవడానికీ అదే కావాలి. జాతర వారం హెచ్చరిక డప్పు వద్దు, ఏ డప్పు దేనికో తెలియకుండా పోతుంది. ఆ ఏడు రోజులూ బోర్డు మాత్రమే పెట్టండి.

పని వరస ఇది. ఫిబ్రవరి చివరి పది రోజులు గోళం కొలతలు, చోట్ల సర్దుబాటు. అదే వారం వార్డు సచివాలయంలో, ట్రాఫిక్ పోలీసుల దగ్గర దరఖాస్తు, కొలతలు రాసిన బొమ్మతో సహా. మార్చి 1న గుడ్డల ఆర్డరు. మార్చి రెండో వారంలో ఒకే ఒక్క కప్పు, కలంకారీ లేకుండా పాత చీర వేసి. దాని కింద వారం కూర్చున్నవాళ్ళు ఏది మార్చమంటే అది మార్చి, మిగిలిన పది అప్పుడు వెల్డింగ్ చేయించండి. తడిక ఎటు కట్టాలో, బుట్ట ఎక్కడ పెడితే కాలికి అడ్డం రాదో మీ బొమ్మలో తేలదు.

సందుచివర:

ఫిబ్రవరిలోనే మొదలుపెడతాం. గుడ్డలు జరిపే తాడు ఎవరి చేతిలో ఉండాలి? విద్యార్థులు రోజూ రాలేరు.

కరక్కాయపాలు:

కప్పు కింద కూర్చునే మనిషి చేతిలోనే. కూర్చున్నచోటి నుంచి లేవకుండా అందాలి, 70 సెంటీమీటర్ల ఎత్తులో ఒక కొక్కెం వేసి తాడు కొస దానికి చుట్టండి. నూలు తాడు అయితే తడిసి బిగుసుకుని కప్పీలో ఇరుక్కుంటుంది, 6 మిల్లీమీటర్ల అల్లిక పాలిస్టర్ తాడు తీసుకోండి. ఒక్కో కప్పుకి రెండు రింగులు ఎక్కువ కుట్టించి సంచిలో వేసివ్వండి, ముందు ఊడేవి రింగులే.